రక్తపు పోటు - తెల్లకణముల పాత్ర

(గ్రామ ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈనాటి సభలో నేను మీకు మనవి చేయదలచినది రక్తపు పోటును గురించి. ఈ మాట మీలో ఎవరికిని క్రొత్తది కాదు. "బి.పి." అను మాట వినబడని ఇల్లు నేడు మన పల్లెలలో అరుదు. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశమున పదునైదేండ్లు నిండిన పురుషులలో నూటికి 24 మందికిని, స్త్రీలలో నూటికి 21 మందికిని రక్తపు పోటు హెచ్చుగా నున్నది, లేదా వారు దానికి మందు వాడుచున్నారు. అనగా నలుగురైదుగురిలో ఒకరన్నమాట. ఈ చావడిలో కూర్చున్నవారి వరుసలను ఒకసారి కనులతో లెక్కించుకొన్నచో, మన ఊరిలో ఎందరుందురో మీకే తెలియగలదు.

అయితే పేరు తెలిసినంతగా ఈ వ్యాధి స్వభావము మనకు తెలియదు. "తలనొప్పి లేదు, కన్ను తిరుగుట లేదు, నాగలి పట్టి దున్నుచున్నాను, నాకేల ఈ మాత్ర?" అని అడుగువారు ఊరూరను గలరు. నెల దినములు మాత్ర మ్రింగి, కొలత తగ్గగానే "నయమైనది" అని మానివేయువారును గలరు. అట్టివారిలో కొందరు ఒకనాటి ఉదయమున కాలు చేయి పడిపోయి, మాట తడబడి మంచమెక్కుట మనమందరము చూచినదే. పంట ఇంటికి వచ్చు వేళ ఇంటి యజమాని పక్షవాతముతో పడిపోయినచో, ఆ కుటుంబము ఎన్ని సంవత్సరములకు తేరుకొనునో మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

నొప్పి లేకయే ఈ వ్యాధి ఇంతటి నష్టము ఎట్లు చేయును? మందు మానగానే తిరిగి ఏల తలయెత్తును? మూత్రపిండములను ఏల తినివేయును? ఈ ప్రశ్నలకు విజ్ఞానశాస్త్రము గత అరువది సంవత్సరములుగా వెదకి కనుగొన్న సమాధానములలో ఒకటి మిక్కిలి విచిత్రమైనది. మనలను రోగములనుండి కాపాడుటకై పుట్టిన రక్తములోని తెల్లకణములే అతిగా చెలరేగి, ఈ వ్యాధికి తోడ్పడుచున్నవని పరిశోధకులు చెప్పుచున్నారు. ఈ సంగతిని సాధ్యమైనంత తేటగా మీకు వివరించి, దానినిబట్టి మనము చేయవలసిన దేదియో, చేయగూడని దేదియో మనవి చేసెదను.

రక్తపు పోటు అనగా నేమి?

గుండె మన పొలములోని మోటారు వంటిది. విశ్రాంతిగా నున్న మనిషిలో అది నిమిషమునకు సుమారు డెబ్బది పర్యాయములు కొట్టుకొనుచు, ఇంచుమించు ఐదు లీటర్ల రక్తమును ధమనులలోనికి నెట్టుచుండును. ఆ రక్తము నాళముల గోడలపై కలిగించు ఒత్తిడియే రక్తపు పోటు. మోటారు నీటిని పోయుచున్నప్పుడు గొట్టపు చివరను అరచేతితో సగము మూసి చూడుడు. వెనుకనున్న గొట్టమంతయు బిగుసుకొని అదరును. అతుకు బలహీనముగా నున్నచోట చిమ్ముకొని బయటికి వచ్చును. శరీరములో ఈ గొట్టపు చివరలనదగినవి కంటికి కానరాని సన్నని ధమనులు. అవి బిగుసుకొన్నచో పోటు హెచ్చును. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకొనదగినది. గొట్టపు వెడల్పు సగమైనచో ప్రవాహమునకు కలుగు అడ్డంకి రెండు రెట్లు కాదు, పదునారు రెట్లగును. కావున నాళము రవంత ముడుచుకొన్నను గుండెకు భారము మెండుగా పెరుగును.

ఇంగ్లండు దేశపు మతాచార్యుడు స్టీఫెన్ హేల్స్ ఒక గుఱ్ఱపు ధమనిలో పొడవైన గాజు గొట్టమును నిలిపి, రక్తము ఎనిమిది అడుగులకు పైగా లేచుట చూచి, ఆ విషయమును 1733లో ప్రకటించెను. మనుష్యులకు బాధ కలుగకుండ చేతికి పట్టీ చుట్టి కొలుచు పద్ధతిని ఇటలీ వైద్యుడు రివా-రోచి 1896లో కనుగొనెను. పట్టీ క్రింద నాళపు చప్పుడును వినుచు రెండు అంకెలను గుర్తించు విధమును రష్యా వైద్యుడు కొరొట్కొవ్ 1905లో తెలిపెను. నేడు మన ఊరి ఆరోగ్య కార్యకర్త చెప్పు రెండు అంకెలు ఇవియే. పై అంకె గుండె ముడుచుకొన్నప్పటి ఒత్తిడి, క్రింది అంకె గుండె విచ్చుకొన్నప్పటి ఒత్తిడి. వేర్వేరు దినములలో కొలిచినప్పుడు పై అంకె 140 గాని అంతకు మించి గాని, లేదా క్రింది అంకె 90 గాని అంతకు మించి గాని నిలుకడగా నున్నచో రక్తపు పోటు వ్యాధి గలదని వైద్యులు నిర్ణయింతురు.

మంచెమీది కావలివారు

ఇక తెల్లకణముల సంగతి. చిన్న ఆవగింజంత రక్తములో, అనగా ఒక ఘన మిల్లీమీటరులో, సుమారు 45 నుండి 55 లక్షల ఎఱ్ఱకణములుండును. తెల్లకణములు మాత్రము 4,000 నుండి 11,000 వరకే. సంఖ్యలో కొద్దివైనను ఇవి శరీరమునకు కావలివారు. 1882లో రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికోవ్ సిసిలీ ద్వీపమందలి మెస్సీనా పట్టణమున, నక్షత్రపు చేప పిల్ల శరీరములోనికి గులాబి ముల్లు గ్రుచ్చి చూచెను. మరునాటికి ఆ ముల్లు చుట్టును సంచార కణములు గుమిగూడియుండెను. క్రిములను పట్టి మ్రింగు కణములు గలవను సత్యము దానినుండి వెల్లడియైనది. ఈ కృషికి ఆయనకు 1908లో, ఎర్లిక్ అను మరియొక శాస్త్రజ్ఞునితో కలిపి, నోబెల్ బహుమానము లభించినది.

తెల్లకణములలో పలు తెగలు గలవు. న్యూట్రోఫిలు అనునవి దండులో ముందు నడచు బంట్లు. మహాభక్షక కణములు క్రిములను, చచ్చిన కణములను మ్రింగి శుభ్రపరచును. లింఫోసైటులు శత్రువును ఆనవాలు పట్టి జ్ఞాపకముంచుకొనును. వీనిలో టి-కణములు, బి-కణములు అను రెండు ముఖ్య జాతులు గలవు. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు ఆ చోటు ఎఱ్ఱబారి, వేడెక్కి, వాచి, సలుపుట ఈ కావలివారి పోరాటపు గుర్తే. ముల్లు తీసి, క్రిములు నశించిన తరువాత అవి శాంతించును. వాపు తగ్గును. ఇది ఆరోగ్య లక్షణము.

అవి శాంతింపనిచో? జొన్నచేనులో మంచెమీద కూర్చున్న కావలివాడు ఒడిసెలతో రాళ్ళు విసరి పిట్టలను తోలును. అతడు లేనిచో గింజ దక్కదు. కాని పిట్ట లేనప్పుడును, రేయింబవళ్ళు, ఆకు కదలినను గాలి వీచినను రాయి విసరుచునే యున్నచో, పిట్టలు తినునంత పంటను ఆ రాళ్ళే రాల్చివేయును. రక్తపు పోటులో జరుగుచున్నది ఇట్టిదేయని పరిశోధనలు చూపుచున్నవి. ముల్లు గ్రుచ్చుకొన్నప్పటివలె ఇక్కడ సలుపు లేదు, ఎఱ్ఱదనము కానరాదు. నాళముల గోడలలోను, మూత్రపిండములలోను సన్నని సెగవలె అది లోలోపల రగులుచుండును. అందుచేతనే మనకు తెలియదు.

ఈ అనుమానము ఎట్లు బలపడినది?

1963లో జపానులోని క్యోటో నగరమున ఒకామోటో, అయోకి అను శాస్త్రజ్ఞులు పుట్టుకతోనే రక్తపు పోటు పెరుగు లక్షణము గల ఎలుకల జాతిని తయారుచేసిరి. మనుష్యుల వ్యాధిని పోలిన వ్యాధిని ప్రయోగశాలలో పరీక్షించుటకు అది గొప్ప సాధనమైనది. 1964లో వైట్, గ్రోల్మన్ అను వారు మూత్రపిండములో కొంత భాగము దెబ్బతినుటచే పోటు పెరిగిన ఎలుకలకు, తెల్లకణముల ఉద్ధృతిని అణచు మందునిచ్చి చూడగా పోటు తగ్గినది. ఆ కాలమున వైద్యలోకము దీనిని అంతగా పట్టించుకొనలేదు. రక్తపు పోటు గుండె, నాళములు, మూత్రపిండములు, నరములు, ఈ నాలుగింటి వ్యవహారమేయని తలచెడివారు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖలో ష్మిడ్-షోన్‌బైన్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును క్యోటో జాతి ఎలుకల తెల్లకణములను సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. ఆ ఎలుకలలో తెల్లకణములు సంఖ్యలో హెచ్చుగా నుండుటయేగాక, శత్రువు లేకున్నను చెలరేగియున్నట్లు వారు గమనించిరి. ఆరోగ్యముగా నున్న తెల్లకణము రక్తప్రవాహపు ఒరపిడి తగిలినప్పుడు, కాళ్ళవలె చాచిన తన కొనలను లోనికి ముడుచుకొని గుండ్రముగా దొరలిపోవును. రోగి ఎలుకల కణములు ఆ విధముగా సరిగా ముడుచుకొనవు.

2007లో అమెరికాలోని అట్లాంటా నగరపు ఎమొరీ విశ్వవిద్యాలయమున గూజిక్, హారిసన్ అను వారును వారి బృందమును చేసిన ప్రయోగము ఈ విషయములో పెద్ద మలుపు. టి-కణములు, బి-కణములు రెండును లేకుండ పుట్టిన చుంచెలుకలకు వారు ఆంజియోటెన్సిను అను పదార్థమును ఎక్కించిరి. ఇది మన శరీరములోనే పుట్టి నాళములను బిగించు పదార్థము. సాధారణపు చుంచెలుకలలో దీనిచే పోటు మిక్కుటముగా పెరుగును. ఈ చుంచెలుకలలో అంతగా పెరుగలేదు. తరువాత వానికి టి-కణములను ఎక్కించి చూడగా పోటు మామూలుగా పెరిగినది. బి-కణములను మాత్రమే ఎక్కించినప్పుడు పెరుగలేదు. దొంగను పట్టుటకు ఇంతకంటె తేటయైన సాక్ష్యము ఏమి కావలెను?

కావలివాడు ఇంటివారినే దొంగలని ఏల భ్రమపడును? దీనికి 2014లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున కిరాబో, హారిసన్ మొదలైనవారు ఒక కారణము చూపిరి. పోటు హెచ్చినప్పుడు కణములలో కొవ్వు పదార్థములు చెడి, మన సొంత మాంసకృత్తులకు అతుకుకొని వాని రూపమును మార్చును. ముఖమునకు మసి పూసికొన్న ఇంటివానిని చీకటిలో కావలివాడు గుర్తింపజాలనట్లు, టి-కణములు ఆ మారిన మాంసకృత్తులను పరాయివని తలచి విరుచుకొనిపడును. పోటు పెరుగుటచే కణములు రెచ్చిపోవును. కణములు రెచ్చిపోవుటచే పోటు పెరుగును. ఈ విషచక్రము ఒకసారి తిరుగుట ప్రారంభించిన తరువాత తనంతట తాను ఆగదు. మాత్ర మానినవారిలో వ్యాధి తిరిగి తలయెత్తుటకు గల కారణములలో ఇది యొకటి.

అవి చేయు మూడు కీడులు

ఈ కణములు పోటును ఎట్లు పెంచునో మూడు మాటలలో చెప్పెదను.

మొదటిది, దారికి అడ్డుపడుట. తెల్లకణము ఎఱ్ఱకణముకంటె పెద్దది, బిరుసైనది. వెండ్రుకకంటె మిక్కిలి సన్నని నాళములలో ఎఱ్ఱకణములు మెత్తగా వంగి దూరిపోవును. రెచ్చిపోయిన తెల్లకణము కొనలు చాచుకొని, బిగుసుకొని, నెమ్మదిగా ప్రాకును. ఇరుకు సందులో అడ్డముగా నిలిచిన బండి వెనుక బండ్లన్నియు ఆగిపోవునట్లు, దాని వెనుక రక్తము నిలిచిపోవును.

రెండవది, నాళములను బిగించుట. ఆరోగ్యముగా నున్న నాళపు లోపలి పొర నైట్రిక్ ఆక్సైడు అను వాయువును స్వల్పముగా పుట్టించుచు నాళమును సడలించి యుంచును. ఈ సంగతిని వెలికి తీసినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమానము వచ్చినది. క్రిములను చంపుటకు తెల్లకణములు వెదజల్లు ఘాటైన పదార్థములు ఈ మేలైన వాయువును నాశనము చేయును. అప్పుడు నాళము బిగుసుకొనును, కొంతకాలమునకు గట్టిపడును.

మూడవది, ఉప్పును నిలువజేయుట. మూత్రపిండము శరీరములోని అదనపు ఉప్పును, నీటిని బయటికి పంపు తూము. టి-కణములు, మహాభక్షక కణములు అచట చేరి తిష్ఠ వేసినప్పుడు తూము సరిగా తెరుచుకొనదు. ఉప్పు నిలుచును. ఉప్పుతో నీరు నిలుచును. నీటితో పోటు హెచ్చును. కొన్ని సంవత్సరములకు ఆ తూమే చెడిపోవును. రక్తపు పోటు గలవారికి మూత్రపిండములు దెబ్బతినుటకు ఇదియు ఒక దారి.

ఉప్పును తెల్లకణములును

ఉప్పు పోటును పెంచునని మన వైద్యులు చెప్పుట మీరు వినియున్నారు. ఉప్పు నీటిని నిలుపుటచేతనే అట్లగునని ఇంతకాలము అనుకొనిరి. అది నిజమే కాని అంతటితో ముగియలేదు. హెచ్చు ఉప్పు టి-కణములలో ఒక జాతిని మిక్కిలి ఉగ్రముగా మార్చగలదని 2013లో యేల్, హార్వర్డ్ విశ్వవిద్యాలయములతో సంబంధము గల పరిశోధకులు వెల్లడించిరి. 2017లో జర్మనీ దేశమున మరియొక పరిశీలన జరిగినది. పండ్రెండుగురు ఆరోగ్యవంతులైన పురుషులకు వారి మామూలు భోజనముపై దినమునకు ఆరు గ్రాముల ఉప్పు అదనముగా పదునాలుగు దినములిచ్చి చూచిరి. వారి పోటు పెరిగినది. ఆ ఉగ్ర జాతి కణములును పెరిగినవి. ప్రేగులలోనుండి మేలుచేయు కొన్ని సూక్ష్మజీవులు తగ్గిపోయినవి. ఆరు గ్రాములనగా ఒక చెంచాకు కొంచెము మించినంత మాత్రమే!

దినమునకు మనిషికి మొత్తము ఐదు గ్రాములలోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన భోజనమును తలచుకొనుడు. అన్నములో ఆవకాయ, ప్రక్కన అప్పడము, చల్ల మిరపకాయ, వేపిన వడియము, సముద్ర తీరపు గ్రామములలో ఉప్పుచేప, కడపట మజ్జిగలో చిటికెడు ఉప్పు. వీనిలో ఒక్కొక్కటి కొంచెమే, కలిసిన మెండు. ఊరగాయను విడిచిపెట్టుమని నేను చెప్పినచో మీరు నన్ను ఊరి పొలిమేర దాటించెదరు. నేను కోరునది ఇంతమాత్రమే. విస్తరిలో ఉప్పు వడ్డించు అలవాటు మానవలెను. ఊరగాయ వేసికొన్న పూట అప్పడము, వడియము వలదు. మజ్జిగను ఉప్పు లేకుండ, కరివేపాకు, అల్లము, నిమ్మరసములతో త్రాగవచ్చును. పిల్లల చేతికి ఉప్పు చల్లిన పొట్లముల చిరుతిండ్లు ఇవ్వరాదు.

ఇది పట్టణపు వైద్యుల చాదస్తమని తలపవలదు. చీనా దేశమున 600 గ్రామములలో సుమారు 21,000 మందిపై ఐదేండ్లపాటు జరిపిన పరిశీలన ఫలితము 2021లో వెలువడినది. వీరిలో చాలమంది లోగడ పక్షవాతము వచ్చినవారు. తక్కినవారు అరువదేండ్లు పైబడి పోటు గలవారు. సగము గ్రామములలో వంట ఉప్పుకు బదులు, నూటికి ఇరువదియైదు పాళ్ళు పొటాషియము క్లోరైడు గల ఉప్పును వాడిరి. ఆ గ్రామములలో పక్షవాతము నూటికి 14 వంతులు తగ్గినది. వంటింట జరిగిన ఒక చిన్న మార్పు ఇంత మేలు చేసినది. అయితే మూత్రపిండముల జబ్బు గలవారికి పొటాషియపు ఉప్పు ప్రమాదకరము. వారే గాక పోటు మాత్రలు వాడువారును వైద్యుని అడుగక దానిని వాడరాదు.

మందు దొరకినదా?

"అట్లయినచో తెల్లకణములను అణచు మందు వేసికొన్న సరిపోవునుగదా?" అని మీలో ఎవరైనను అడుగవచ్చును. ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులును వేసికొనిరి. 2006లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, చర్మరోగము గాని కీళ్ళవాతము గాని గల ఎనిమిదిమంది పోటు రోగులకు తెల్లకణములను అణచు మందును మూడు నెలలిచ్చిరి. పోటు తగ్గినది. మందు ఆపగానే తిరిగి పెరిగినది. ఇది ఆశ కలిగించు సూచన. కాని రోగులు ఎనిమిదిమంది మాత్రమే.

తరువాత పెద్ద పరీక్షలు జరిగినవి. పదివేలమంది హృద్రోగులపై జరిపి 2017లో ప్రకటించిన పరీక్షలో, లోపలి సెగను చల్లార్చు ఒక సూదిమందు గుండెపోటులను కొంత తగ్గించినది గాని రక్తపు పోటును తగ్గింపలేదు. పైగా ప్రాణాంతకమైన అంటురోగములు కొంత హెచ్చినవి. కావలివానిని నిద్రపుచ్చిన చేనులో పిట్టలు దిగుట సహజమే గదా! మెథోట్రెక్సేటు అను మందును సుమారు 4,800 మంది హృద్రోగులకు స్వల్ప మోతాదులో ఇచ్చి చూచిన మరియొక పరీక్ష 2019లో వెలువడినది. అది గుండెజబ్బులను తగ్గింపలేకపోయినది. ఈ మందు పేరు విన్నప్పుడు మనకు ఒక తెలుగువాడు జ్ఞప్తికి రావలెను. భీమవరములో 1895లో జన్మించిన డాక్టరు యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాశాలకు నాయకత్వము వహించిన కాలమున అచట రూపొందిన మందు ఇది. రక్తపు క్యాన్సరులోను, కీళ్ళవాతములోను లక్షలమందికి ఉపకరించుచున్నది. అంతటి మందును రక్తనాళముల వ్యాధిలో ఈ విధముగా అక్కరకు రాలేదనిన, ఈ చిక్కుముడి ఎంత గట్టిదో ఊహించుకొనుడు.

కాబట్టి నేటికి తేలినది ఇది. తెల్లకణములు ఈ వ్యాధిలో పాలుపంచుకొనుచున్నవి. అవి ఒక్కటే కారణము కాదు. వంశము, వయస్సు, ఉప్పు, స్థూలకాయము, మద్యము, పొగాకు, నిద్రలేమి, ఇవన్నియు కలిసి పనిచేయును. మేలు చేయు కణములను విడిచి, కీడు చేయువానిని మాత్రమే అణచు మందుకొరకు అన్వేషణ సాగుచున్నది. తెల్లకణముల లెక్క చేయించుకొన్నంతమాత్రమున పోటు తెలియదు. చేతి పట్టీ కొలతయే దానికి సరియైన పరీక్ష.

ఒక ముఖ్యమైన హెచ్చరిక

నేను ఈ ప్రసంగమునకు పూనుకొనుటకు ఒక ముఖ్య కారణము గలదు. వాపును, సెగను తగ్గించు మందులు పోటునుకూడ తగ్గించునని ఎవరైనను తలచినచో అది పెద్ద ప్రమాదము. కోతల కాలమున నడుము నొప్పికి, మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకొను డైక్లోఫెనాకు, ఐబుప్రొఫేను వంటి నొప్పి మాత్రలు వాపును తగ్గించును. కాని మూత్రపిండములలో ఉప్పును నిలిపి రక్తపు పోటును పెంచును. వేసికొనుచున్న పోటు మాత్రల బలమును తగ్గించును. పెక్కు దినములు వాడినచో మూత్రపిండములను చెరచును. అటులనే ఆయాసమునకు, కీళ్ళనొప్పికి తక్షణమే హాయినిచ్చు స్టెరాయిడు సూదులును, మాత్రలును తెల్లకణములను అణచునవే. అయినను అవి పోటును, చక్కెర వ్యాధిని పెంచును. వైద్యుడు పరీక్షించి వ్రాసినప్పుడు అవి ప్రాణదాతలు. ఎవరో చెప్పగా మనమే కొని వాడినప్పుడు అవి ప్రాణహారులు. నొప్పికి మందడుగునప్పుడు "నాకు పోటు గలదు" అని ముందుగా చెప్పుట ప్రతివారి విధి. స్టెరాయిడు మాత్రలు పెక్కు దినములుగా వాడుచున్నవారు వైద్యుని అడుగక ఒక్కసారిగా మానరాదు.

మన చేతిలో నున్నది

కణములను రెచ్చగొట్టు కారణములను తగ్గించుకొనుట మన చేతిలోని పని. పొగ త్రాగువారి రక్తములో తెల్లకణముల సంఖ్య హెచ్చుగా నుండుట వైద్యులకు చిరకాలముగా తెలిసిన సంగతి. చుట్టయైనను, బీడీయైనను, అడ్డపొగయైనను ఒక్కటే. మానుట ఒక్కటే మార్గము.

నోటి శుభ్రతయు చిన్న విషయము కాదు. చిగుళ్ళు వాచి, నెత్తురు కారుచుండుట తెల్లకణములు అచట నిత్యము పోరాడుచున్నవనుటకు గుర్తు. పోటును చిగుళ్ళ వ్యాధియు రెండును గల 101 మందిపై పోలండులో జరిపి 2019లో ప్రకటించిన పరీక్షలో, చిగుళ్ళకు పూర్తి చికిత్స చేసినవారి పై అంకె రెండు నెలలలో, తక్కినవారితో పోల్చగా, సుమారు 11 మేరకు తగ్గినది. తగ్గిన పోటుతోపాటు వారి రక్తములో రెచ్చిపోయిన కణములును తగ్గినవి. కావున ఉదయము, రాత్రి పండ్లు తోముకొనవలెను. చిగుళ్ళు వాచినచో ఉపేక్షింపక దంతవైద్యునికి చూపవలెను.

పొట్ట చుట్టును పేరుకొన్న క్రొవ్వు తెల్లకణములకు స్థావరము. దినమునకు అరగంట వేగముగా నడచుట, శరీర శ్రమ తగ్గినవారు భోజనము తగ్గించుకొనుట, మద్యము విడుచుట, రాత్రి నిద్రను చెడగొట్టుకొనకుండుట, ఇవన్నియు ఖర్చులేని మందులు.

మాత్ర మానవలదు

కడపటి మాట మాత్రను గురించి. ఆంజియోటెన్సిను అను పదార్థము నాళములను బిగించుటయేగాక టి-కణములనుకూడ రెచ్చగొట్టునని మీకు చెప్పిన ప్రయోగమే చూపినది. నేడు పోటుకు ఇచ్చు లోసార్టాను, టెల్మిసార్టాను వంటి మాత్రలు ఆ పదార్థపు పనినే అడ్డగించును. ఆమ్లోడిపిను వంటివి నాళములను సడలించును. దినమునకు ఒక మాత్రతో ఆ విషచక్రమునకు అడ్డుకట్ట వేయుచున్నామని తెలిసికొనుడు. గండి పూడ్చిన కట్టను, నీరు తగ్గినదని త్రవ్వివేయు రైతు ఎవడైనను గలడా? కొలత సరిగా నున్నదనగా మందు పనిచేయుచున్నదని అర్థము. మందు అక్కరలేదని అర్థము కాదు. మోతాదు తగ్గించుట, మార్చుట వైద్యుని పని. గర్భవతులును, గర్భము ధరింపగోరు స్త్రీలును ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. టెల్మిసార్టాను వంటి మాత్రలు కడుపులోని బిడ్డకు హాని చేయును.

వేరు మందుల మాట కొందరు ఎత్తుదురు. మన సర్పగంధి వేరు పోటును తగ్గించునని 1931లో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ అను వంగదేశ వైద్యులు తెలిపిరి. బొంబాయి వైద్యుడు రుస్తుం వకీల్ 1949లో దాని ప్రభావమును ప్రపంచమునకు చాటెను. అది మన దేశమునకు గర్వకారణమే. కాని ఆ మందు కొందరిలో మనస్సును క్రుంగదీయుటచే వైద్యులు దానిని అరుదుగా మాత్రమే వాడుచున్నారు. అడవిలో తెచ్చిన వేరును అరగదీసి త్రాగుట మాత్రకు సాటిరాదు.

మన ఉపకేంద్రములలోను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోను పోటును ఉచితముగా కొలుతురు, మాత్రలు ఉచితముగా ఇత్తురు. ముప్పదియేండ్లు నిండిన ప్రతి స్త్రీయు, ప్రతి పురుషుడును సంవత్సరమునకు ఒకసారియైనను కొలిపించుకొనవలెను. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు "నాకేమియు లేదు" అని పంపివేయవలదు. ఏమియు తెలియకుండుటయే ఈ వ్యాధి లక్షణమని ఇంతవరకు విన్నారు గదా! మాట తడబడినను, ముఖము ఒక ప్రక్కకు వంకరపోయినను, ఒక చేయి లేవకున్నను క్షణమైనను ఆలస్యము చేయక 108 వాహనమును పిలువవలెను.

చేనుకు కావలివాడు కావలయును. అతనిని రెచ్చగొట్టకుండ ఉంచుకొనుట మాత్రము చేనుగలవాని బాధ్యత. ఈ సభ ముగిసిన వెంటనే, అదుగో ఆ బల్లవద్ద కూర్చున్న ఆరోగ్య కార్యకర్త చెంతకు పోయి, మీరును, మీ ఇంటి పెద్దలును చేయి చాపి పోటు కొలిపించుకొనవలెనని వేడుకొనుచున్నాను.